బస్సొచ్చిందా, పోయిందా?

కరీంనగర్ బస్టాండులో సికింద్రాబాద్ జేబీఎస్‌కు పోయే సూపర్ లగ్జరీ కోసం నిలబడ్డ మనిషికి ఫోన్ దాదాపు అన్నీ చెబుతుంది. సీటు నంబరు, బస్సు నంబరు, ఎన్నింటికి కదులుతుంది, ఇప్పుడు ఎక్కడి దాకా వచ్చింది. అదే బస్టాండులో ఇంకో మూలన ఊళ్లకు పోయే పల్లెవెలుగు బస్సు కోసం చూస్తున్న ఆమె దగ్గరా ఫోన్ ఉంది. అందులో వాట్సాప్ ఉంది, యూట్యూబ్ ఉంది, ఫోన్‌పే ఉంది. బస్సు సంగతి మాత్రం లేదు. అందుకే పక్కన కూర్చున్న వాళ్లను అడుగుతుంది: "మా ఊరి బస్సొచ్చిందా, పోయిందా?"

ప్రజా రవాణా యాప్‌ల గురించి రాసేవాళ్లు మామూలుగా వాటి హంగుల దగ్గర మొదలుపెడతారు. నేను ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ యాప్‌నైనా దీని మీదే తూచాలి. ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఎక్కువ భాగం దీనికి జవాబు చెప్పేవి కావు, టికెట్ అమ్మేవి. రెండూ ఒకటేనని అనుకోవడం వల్లే 'అన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి' అనే మాట హైదరాబాద్‌లో ఒప్పుగా, ఆదిలాబాద్ ఏజెన్సీలోని తిర్యాణిలో తప్పుగా వినిపిస్తుంది.

టికెట్ సంగతి తొందరగా ముగిద్దాం, అక్కడ పెద్ద చిక్కు లేదు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి టికెట్ దొరకని ఫణీంద్ర సామ, మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టిన కథ అందరికీ తెలిసిందే. 2008లో హైదరాబాద్‌లోనే అభిబస్ పుట్టింది. ఆర్టీసీకి సొంత రిజర్వేషన్ సైటు, యాప్ ఉన్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు ఇవి నిజంగా అక్కరకొచ్చాయి. శంషాబాద్‌లో తెల్లవారుజామున విమానం ఉన్న మనిషికి రాత్రి బస్సులో సీటు ఖాయమని ముందే తెలియడం చిన్న విషయం కాదు. అయితే ఈ వ్యాపారం సీటు మీద నడుస్తుంది. సీటుకు నంబరు ఉండాలి, టికెట్ ధర నాలుగైదు వందలైనా ఉండాలి, అప్పుడే కమీషన్ గిట్టుబాటవుతుంది. మానకొండూరు నుంచి హుజూరాబాద్ పోయే పల్లెవెలుగులో సీటు నంబరూ లేదు, అమ్ముకోవడానికి ఏమీ లేదు. కాబట్టి ప్రైవేటు కంపెనీ ఏదీ దాని జోలికి రాలేదు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

ఇక బస్సు జాడ. దేశంలో 2019 జనవరి 1 తర్వాత కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు లొకేషన్ ట్రాకింగ్ పరికరం, ఆపద మీట ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఏఐఎస్-140 అనే ప్రమాణం అదే. అంటే కొత్త బస్సు ఎక్కడుందో ఏదో ఒక కంప్యూటరుకు తెలిసే ఏర్పాటు చట్టంలోనే ఉంది. ఆ సంగతి ప్రయాణికుడి దాకా తెచ్చే పనిని తెలంగాణలో 2023 ఆగస్టు 12న వచ్చిన 'గమ్యం' యాప్ పెద్ద ఎత్తున చేపట్టింది. అప్పటి ఆర్టీసీ ఎండీ వీసీ సజ్జనార్ దాన్ని విడుదల చేశారు. తొలి విడతలో నాలుగు వేలకు పైగా బస్సులను కలిపారు. రాత్రి వేళ స్టాపు లేని చోట కూడా మహిళలు ఫోన్ తెర చూపించి బస్సు ఆపించుకునే సౌకర్యం అందులో పెట్టారు. మంచి ఆలోచన. కానీ ఆ విడుదల నాటి వివరాల్లో ఒక వాక్యం ఉంది: జిల్లాల్లో పల్లెవెలుగు మినహా మిగతా సర్వీసులను ట్రాక్ చేయవచ్చు.

ఆ 'మినహా' అన్న చోటే ఉత్తర తెలంగాణ ఉంది. ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కేవాళ్లకు బస్సు తప్పితే పావుగంటకో అరగంటకో ఇంకొకటి ఉంటుంది. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ నుంచి సికింద్రాబాద్‌కు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. అక్కడ ట్రాకింగ్ ఒక సౌకర్యం, అంతే. రోజుకు రెండు ట్రిప్పులున్న ఊరిలో అది అవసరం. పొద్దున బస్సు పోయిందని తెలిస్తే ఆటో మాట్లాడుకోవచ్చు. రాదని తెలిస్తే మనిషి ఇంటికి తిరిగి పోయి పొలం పని చూసుకోవచ్చు. తెలియకపోతే స్టేజీ కాడ ఎండలో కూర్చోవాలి. ఏ బస్సుకు ట్రాకింగ్ ముందు పెట్టాలన్న లెక్క ఇక్కడ తలకిందులైంది. ఎక్కువ టికెట్ పెట్టేవాళ్లకు ముందు, ఎక్కువ సేపు నిలబడేవాళ్లకు తర్వాత.

ఇక్కడ రైలును తలుచుకోక తప్పదు. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ స్టేషన్లలో ఎవరి ఫోన్ తీసి చూసినా 'వేర్ ఈజ్ మై ట్రైన్' ఉంటుందని పందెం కాయవచ్చు. బెంగళూరులోని సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ చేసిన ఈ యాప్‌ను గూగుల్ 2018 డిసెంబరులో కొనేసింది. దాని గొప్పతనం ఒక్క మాటలో చెప్పవచ్చు: అది ఇంటర్నెట్ లేకపోయినా పని చేస్తుంది. రైల్లో కూర్చున్న మనిషి ఫోన్ ఏ సెల్‌టవర్ సిగ్నల్ అందుకుంటుందో చూసి, రైలు ఎక్కడుందో అదే లెక్కగడుతుంది. టైంటేబుల్ ఫోన్‌లోనే దాచి ఉంటుంది. తెలుగులోనూ చూసుకోవచ్చు. దేశంలో ఎక్కువ మంది ఎలాంటి ఫోన్లతో, ఎలాంటి నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తారో తెలిసినవాళ్లు చేసిన యాప్ అది.

మరి బస్సుకు అలాంటిది ఎందుకు రాలేదు? తెలివి తక్కువై కాదు. రైలుకు నంబరుంది, ప్రతి స్టేషన్‌కు ఒక కోడ్ ఉంది, ఏ స్టేషన్ ఎన్నింటికి దాటిందో కంట్రోల్ రూములో నమోదవుతుంది, దేశమంతటికీ కలిపి ఒక టైంటేబుల్ ఉంది. ఈ పునాది వేసే పని యాప్‌లు పుట్టక ముందే, ప్రమాదాలు జరగకుండా చూసుకునే తిప్పలలో రైల్వే చేసిపెట్టుకుంది. పల్లెవెలుగుకు ఆ పునాది లేదు. దాని టైంటేబుల్ డిపోలో ఉంటుంది, డ్యూటీ చార్టులో ఉంటుంది, కంట్రోలర్ నోట్లో ఉంటుంది.

ఒక విచిత్రం చెప్పుకోవాలి. 1932లో హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు మొదలైనప్పుడు అవి నిజాం స్టేట్ రైల్వేలో ఒక విభాగం. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలు, బస్సు ఒకే యాజమాన్యం కింద నడిచాయి. ఇవాళ పెద్దపల్లిలో రాత్రి ఆలస్యంగా దిగిన ప్రయాణికుడికి రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమో ఒక యాప్ చెబుతుంది. కరీంనగర్ ఆఖరి బస్సు పోయిందో లేదో ఆ యాప్ చెప్పదు. రైలు దిగి బస్సు ఎక్కే చోట, సమాచారం సరిగ్గా స్టేషన్ గేటు దగ్గర ఆగిపోతుంది. రామగుండం స్టేషన్‌లో దిగి గోదావరిఖనికి పోవాల్సిన సింగరేణి కుటుంబాలకు, ఊరికి దూరంగా ఉన్న ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగేవాళ్లకు ఇది రోజూ ఉండే సంగతే.

ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా కలిపి చూపించాలంటే ఏం కావాలో ప్రపంచానికి ఇరవై ఏళ్లుగా తెలుసు. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి టైంటేబుళ్లను ఒకే పద్ధతిలో రాసే ఏర్పాటు చేశాయి. జీటీఎఫ్ఎస్ అంటారు. పేరు చూసి భయపడాల్సింది లేదు. అది కొన్ని మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఒకదాంట్లో స్టాపుల పేర్లు, వాటి అక్షాంశ రేఖాంశాలు. ఒకదాంట్లో రూట్లు. ఒకదాంట్లో ట్రిప్పులు. ఇంకోదాంట్లో ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్నింటికి చేరుతుంది. మరోదాంట్లో ఏ రోజుల్లో నడుస్తుంది, ఏ రోజుల్లో నడవదు. ఈ ఫైళ్లను సంస్థ బయటపెడితే గూగుల్ మ్యాప్స్ నుంచి కాలేజీ పిల్లవాడు చేసిన యాప్ దాకా ఎవరైనా వాడుకోవచ్చు. ఢిల్లీ ప్రభుత్వం 2018లో ఐఐఐటీ-ఢిల్లీతో కలిసి తన బస్సుల సమాచారాన్ని ఇలాగే అందరికీ తెరిచి పెట్టింది.

ఇప్పుడు ఈ ఫైళ్లను ఆదిలాబాద్ రీజియన్‌కు రాయడానికి కూర్చుందాం. మొదటి ఫైలే మొరాయిస్తుంది. స్టాపు అంటే ఏది? ఊరి పేరున్న బోర్డు, షెడ్డు ఉన్నవి కొన్ని. మిగతావి వేపచెట్టు కాడ, మూలమలుపు కాడ, గూడేనికి తిరిగే దారి కాడ. అక్కడ బస్సు ఆగుతుందని డ్రైవర్‌కు తెలుసు, ఎక్కే వాళ్లకు తెలుసు, ఏ రికార్డులోనూ ఉండకపోవచ్చు. పేర్ల దగ్గర ఇంకో చిక్కు. సిర్పూర్ అని కొడితే ఏ సిర్పూర్? రైలు లైను మీద సిర్పూర్(టి) ఉంది, ఏజెన్సీలో సిర్పూర్(యు) ఉంది, సిర్పూర్ కాగజ్‌నగర్ అనే స్టేషన్ ఉంది. మూడూ కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనే. ఇంగ్లిష్ స్పెల్లింగుల సంగతి సరేసరి. మంచిర్యాలను, జగిత్యాలను, లక్షెట్టిపేటను రైల్వే ఒకలా, మ్యాపులు ఇంకోలా, బస్సు బోర్డు మరోలా రాస్తాయి. తెలుగులో ఊరి పేరు పలికితే గుర్తుపట్టే యాప్ ఈ తలనొప్పిలో సగం తీరుస్తుంది. కానీ దాని వెనక సరైన జాబితా ఉండాలి కదా.

అన్నిటికన్నా గట్టి చిక్కు ఆఖరి ఫైలు: బస్సు ఏ రోజు నడవదు? కాగితం మీద పల్లెవెలుగు ప్రతి రోజూ నడుస్తుంది. నిజానికి బడి సెలవుల్లో కొన్ని ట్రిప్పులు తగ్గుతాయి. పెళ్లిళ్ల కాలంలో బస్సులు అద్దెకు పోతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే కరీంనగర్, ఆదిలాబాద్ రీజియన్ల నుంచీ స్పెషల్ బస్సులు బయల్దేరతాయి, ఊరి బస్సులు మాయమవుతాయి. రాజకీయ సభలకూ అంతే. 2022 మేడారం జాతరకు ఆర్టీసీ ప్రత్యేకంగా ఒక యాప్ విడుదల చేసింది. జాతరకు పోయేవాళ్లకు అది మేలే. ఆ నాలుగు రోజులు మీ ఊరి బస్సు రాదు అని ఇంటర్ చదివే అమ్మాయికి చెప్పే యాప్ మాత్రం ఎవరూ చేయలేదు. నన్నడిగితే జిల్లాల్లో రవాణా యాప్ చేయాల్సిన మొదటి పని బస్సు ఎక్కడుందో చుక్క చూపించడం కాదు, బస్సు రాదని ముందే చెప్పడం. చుక్కకు జీపీఎస్ కావాలి. రద్దయిన సంగతి చెప్పడానికి డిపోలో పొద్దున్నే తయారయ్యే కాన్సిల్ లిస్టు చాలు.

నైట్‌హాల్ట్ బస్సును చూడండి. సాయంత్రం ఆఖరి ట్రిప్పుగా ఊరికి వచ్చి, రాత్రి అక్కడే ఉండి, తెల్లారి ఫస్ట్ బస్సుగా పట్నం పోతుంది. డ్రైవర్, కండక్టర్ ఊళ్లోనే పడుకుంటారు. ఆ ఊరికి బస్సు గురించి ఏ యాప్ అక్కర్లేదు. గుడి ముందు బస్సు ఆగి ఉంటే పొద్దున బస్సు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దాని మీద ఆధారపడ్డ తర్వాతి పది ఊళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. రాత్రి పది గంటలకు ఒక ఊరికి తెలిసిన విషయం పొద్దున ఆరింటికి రోడ్డు మీద నిలబడ్డ పది ఊళ్లకు తెలియకపోవడమే ఇక్కడి అసలు లోటు. దాన్ని కొన్ని చోట్ల ఊరి వాట్సాప్ గ్రూపు పూడుస్తోంది. ఎవరో ఒకరు 'బస్సు ఎల్లింది' అని రెండు మాటలు పెడతారు. ప్రజా రవాణా యాప్‌లలో అన్నిటికన్నా నమ్మకమైనది అదేనేమో.

ఇంత పెద్ద నెట్‌వర్క్‌కు పరికరాలు బిగించడం ఖర్చుతో కూడిన పని అనేది అర్థం చేసుకోదగ్గ మాట. కానీ 2023 డిసెంబరు 9 తర్వాత ఆ మాటకు బలం తగ్గింది. ఆ రోజు మహాలక్ష్మి పథకం మొదలై, జిల్లాల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఉచితమైనా టికెట్ కొట్టాల్సిందే. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, సమయం దాని మీద ఉంటాయి. ఇలాంటి ఉచిత ప్రయాణాలు 2025 జూలై నాటికి 200 కోట్లు దాటాయని ప్రభుత్వం సంబరాలు చేసింది. మన పల్లెల్లో ఆడవాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వేళ ప్రయాణిస్తారో ఇంత వివరంగా చెప్పే లెక్క ఇంతకు ముందు ఎన్నడూ లేదు.

ఇంకో సంగతి గమనించాలి. కండక్టర్ చేతిలోని టికెట్ల మెషీన్ (టిమ్) ప్రస్తుతం ఏ స్టేజీలో ఉన్నామో తెలియకుండా టికెట్ కొట్టలేదు. స్టేజీ దాటినప్పుడల్లా కండక్టర్ దాన్ని ముందుకు జరుపుతారు. ఫోన్‌పే, గూగుల్ పే తీసుకునే కొత్త మెషీన్లు ఎలాగూ నెట్‌తో కలిసి పనిచేస్తాయి. చిల్లర బాకీ టికెట్ వెనక రాసిచ్చే రోజులు వాటితోనే తగ్గుముఖం పట్టాయి. అలాంటి మెషీన్ చొప్పదండిలో నలుగురికి జీరో టికెట్లు కొట్టిందంటే బస్సు చొప్పదండిలో ఉన్నట్టే. వేరే పరికరం బిగించకపోయినా, ఈ ఒక్క సమాచారాన్ని ప్రయాణికులకు పంపితే గురి మీటర్లలో కాకపోయినా స్టేజీలలో దొరుకుతుంది. పల్లె ప్రయాణికుడికి అంతకు మించి అక్కర్లేదు కూడా. అడ్డంకులు లేవని కాదు. రద్దీ ఎక్కువైతే కండక్టర్ స్టాండులోనే సగం టికెట్లు కొట్టేస్తారు. సిగ్నల్ లేని చోట మెషీన్ లెక్కలు దాచుకుని తర్వాత పంపుతుంది. అయినా ఏమీ లేనిదానికన్నా పదింతలు నయం. ఈ పని చేయడానికి కొత్త టెండరు అవసరం లేకపోవడమే దీనికి పెద్ద ఆటంకం అవుతుందేమోనని నా అనుమానం.

సిగ్నల్ మాట వచ్చింది కాబట్టి, ఆదిలాబాద్ ఏజెన్సీ గురించి విడిగా చెప్పాలి. గాదిగూడ, నార్నూర్, తిర్యాణి, కెరమెరి ఘాట్ వైపు ఫోన్ పనిచేసే చోటు వెతుక్కోవాల్సిన ఊళ్లున్నాయి. గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. తెలుగు తెర ఉంటే చాలు, అందరికీ అందినట్టే అనుకోవడం కరీంనగర్‌లో చెల్లుతుంది, ఉట్నూర్‌లో చెల్లదు. ఇలాంటి చోట్లకు యాప్ కన్నా ఫోన్ కాల్ నయం. ఇందుకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. రాష్ట్ర పోలీసు మహిళా భద్రతా విభాగం 2024 మార్చిలో టీ-సేఫ్ సేవను తెచ్చింది. ఒంటరిగా ప్రయాణించే మహిళ 100కు ఫోన్ చేసి 8 నొక్కితే ఆమె ప్రయాణాన్ని గమ్యం చేరేదాకా గమనిస్తారు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పర్లేదు. భద్రత విషయంలో ప్రభుత్వం ఇంత దూరం ఆలోచించగలిగినప్పుడు, ఒక నంబరుకు ఫోన్ చేసి ఊరి పేరు చెబితే 'మీ బస్సు ఇంకా ఇంద్రవెల్లి దాటలేదు' అని చెప్పే గొంతును పెట్టడం అసాధ్యం కాదు.

జిల్లాల విభజన కూడా ఈ చిత్రంలో ఉంది. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. ఆర్టీసీ లెక్కలో ఇప్పటికీ అది ఒకే రీజియన్. ఆదిలాబాద్, నిర్మల్, భైంసా, ఉట్నూర్, ఆసిఫాబాద్, మంచిర్యాల, ఆరు డిపోలు. కలెక్టరేట్ పని మీద ఒకప్పుడు ఆదిలాబాద్ పోయిన జనం ఇప్పుడు మంచిర్యాలకో, నిర్మల్‌కో, ఆసిఫాబాద్‌కో పోతున్నారు. ఏ దారుల్లో రద్దీ మారిందో ఆ జీరో టికెట్లలోనే ఉంటుంది. వాటిని ఎవరైనా అలా చదువుతున్నారా అన్నది వేరే ప్రశ్న.

రాష్ట్రపు అంచుకు పోయేసరికి యాప్‌లన్నీ కళ్లు మూసుకుంటాయి. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు రైల్లో రావాలంటే కిన్వట్, భోకర్ మీదుగా మహారాష్ట్రలో తిరిగి, ముద్‌ఖేడ్ దగ్గర దక్షిణానికి మళ్లి, ధర్మాబాద్, బాసర దాటి నిజామాబాద్ చేరి, అక్కడ 2017లో పూర్తయిన పెద్దపల్లి లైను పట్టుకోవాలి. సొంత రాష్ట్రంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పక్క రాష్ట్రం మీదుగా ప్రయాణం. నిర్మల్ పట్టణానికైతే రైలే లేదు. బస్సుల విషయంలో ఆదిలాబాద్ వాళ్లకు మహారాష్ట్ర రవాణా సంస్థ నడిపే 'ఎస్టీ' బస్సులు పరాయివి కావు. కిన్వట్, పాండర్‌కవడా వైపు బంధుత్వాలు, సంతలు, ఆస్పత్రులు అన్నీ ఉన్నాయి. తెలంగాణ ఆర్టీసీ యాప్‌లో ఎస్టీ బస్సు ఉండదు, వాళ్ల దాంట్లో మనది ఉండదు. రెండు సంస్థలూ తమ టైంటేబుళ్లను జీటీఎఫ్ఎస్ పద్ధతిలో బయటపెడితే, సరిహద్దు ఎక్కడుందో యాప్‌కు తెలియాల్సిన పనే ఉండదు.

చివరికి ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. కెరమెరి, జైనూర్, నార్నూర్ దారుల్లో సంత రోజున జనాన్ని మోసేది బస్సు ఒక్కటే కాదు. క్రూజర్లు, జీపులు, సెవెన్ సీటర్ ఆటోలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి అలా మనిషికింత అని ఎక్కించుకునే పర్మిట్ ఉండదు. కెన్యా రాజధాని నైరోబీలో ఇలాంటి ప్రైవేటు వ్యాన్‌లనే మటాటులంటారు. అక్కడ నైరోబీ విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఎంఐటీ, కొలంబియా విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి, విద్యార్థులను ఫోన్లతో వాటిలో ఎక్కించి, అవి తిరిగే దారులన్నీ మ్యాపు చేశారు. 2014లో మ్యాపు వచ్చింది, మరుసటేడు గూగుల్ మ్యాప్స్‌లోకీ ఎక్కింది. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది, బాసరలో ఆర్జీయూకేటీ ఉంది. ఒక వేసవి సెలవుల్లో వంద మంది విద్యార్థులు చేయగలిగిన పని ఇది. కానీ ఆ జీపుల దారులను మ్యాపులో పెడితే అవి నడుస్తున్నాయని ఆర్టీసీ ఒప్పుకోవాలి, పర్మిట్ లేకుండా నడుస్తున్నాయని రవాణా శాఖ ఒప్పుకోవాలి, మహాలక్ష్మి వచ్చాక గిరాకీ పడిపోయిన ఆటోవాళ్లు తమ మీద నిఘా పెట్టారని అనుకోకుండా చూడాలి. పెట్టకపోతే, సంత నుంచి సాయంత్రం తిరిగొచ్చే గోండు మహిళకు యాప్ చూపించే జవాబు 'ఈ మార్గంలో సర్వీసులు లేవు' అన్నది మాత్రమే. ఆమె ఆ సమయానికి జీపు వెనక కమ్మీ పట్టుకుని ఘాట్ దిగుతూ ఉంటుంది.